అప్పీలు న్యాయవాది – చదువరి వృత్తి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు మూతపడక నిలుచుట సామాన్య విషయము కాదు. బావి త్రవ్వించినవారిని ఊరు మరచిపోదు. పుస్తకములు కూర్చి పదిమందికి అందుబాటున ఉంచినవారి పనియు అట్టిదే. వారందరికిని ముందుగా నా నమస్కారములు.

ఈ ఉత్సవమున మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు కొంత సంకోచించితిని. నాకు బాగుగా తెలిసినది కోర్టు పని యొక్కటియే. పండుగనాడు కోర్టు మాట యెవరికి రుచించును? కాని ఆలోచించి చూడగా నా వృత్తికిని మీ గ్రంథాలయమునకును దగ్గరి చుట్టరికమే కలదని తోచినది. హైదరాబాదులో నేను చేయుచున్నది అప్పీలు న్యాయవాది పని. అందులో ముప్పాతిక మువ్వీసము చదువుటయే. మాటలాడుట మిగిలిన వీసము. ఆ చదువు ఎట్టిదో, దానిపై ఎవరి బ్రతుకులు ఆధారపడియుండునో నాలుగు మాటలు మనవి చేసెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట అబిడ్స్‌లోని మా కార్యాలయమునకు ఒక తల్లి వచ్చినది. ఆమెది ఇట్టి గ్రామమే. కుమారుడు పట్టణమునకు కూలిపనికి వచ్చి, ఒక కొట్లాట కేసులో చిక్కుకొని, నాంపల్లి కోర్టులో శిక్షపడి జైలులో ఉండెను. తీర్పు చెప్పిన దినముననే కోర్టువారు ఖర్చులేకుండ ఇచ్చిన తీర్పు నకలును అతడు తల్లిచేతికి ఇచ్చినాడు. అది ఆంగ్లమున నున్నది. ఆమె దానిని ఏడు నెలలు బియ్యపు డబ్బాలో భద్రముగా దాచినది. “ఇది ఏమనుకొంటివమ్మా?” అని అడిగితిని. “కేసు అయిపోయినట్టు ఇచ్చిన రసీదనుకున్న సారూ” అన్నది. అప్పీలునకు చట్టమిచ్చిన గడువు 60 దినములు. అప్పటికి 200 దినములు దాటినవి. ఆ కేసు ఏమైనదో చివర చెప్పెదను.

నాంపల్లి అనగానే మనవారికి రైలు స్టేషను జ్ఞప్తికి వచ్చును. పబ్లిక్ గార్డెన్సు, శాసనసభ, ఏటేట నుమాయిష్ జరుగు మైదానము జ్ఞప్తికి వచ్చును. అక్కడనే నగరపు క్రిమినల్ కోర్టులు కలవు. ఉదయము పదిగంటల వేళ ఆ ఆవరణలో నిలిచి చూచినచో లోకమంతయు అక్కడ కనబడును. పోలీసుల నడుమ వచ్చు ముద్దాయిలు, అన్నపు డబ్బాలు పట్టుకొని వేచియుండు ఆడవారు, పేరు పిలుతురేమో యని చెవులు నిక్కించిన సాక్షులు. అక్కడ న్యాయమూర్తి మనుష్యులను చూచును. బోనులో నిలిచిన సాక్షి ఏ ప్రశ్నకు తడుముకొనక చెప్పినాడో, ఏ ప్రశ్నకు నీళ్లు నమలినాడో ఆయన కన్నులార చూచును.

అచ్చటి తీర్పు నచ్చనివారు పై కోర్టుకు పోవుదురు. మేజిస్ట్రేటు ఇచ్చిన శిక్షపై అప్పీలు సామాన్యముగా సెషన్సు కోర్టుకు పోవును. సెషన్సు కోర్టు తీర్పుపై అప్పీలు హైకోర్టుకు పోవును. నాంపల్లి నుండి మొజంజాహి మార్కెట్టు, అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటిన, మూసీ దక్షిణపు ఒడ్డున ఎఱ్ఱరాతి గుమ్మటముల భవనము కనబడును. 1908 నాటి మూసీ వరదల తరువాత నగరమును తిరిగి తీర్చిదిద్దిన కాలమున అది నిర్మింపబడినది. 1920 ఏప్రిలు 20న ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ప్రారంభించెను. నిజాము కాలమున కోర్టుల భాష ఉర్దూ. ఆ హైకోర్టు తీర్పులపై అప్పీలు వినుటకు జ్యుడీషియల్ కమిటీ అను మరియొక సంస్థ యుండెడిది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ భవనమున నెలకొన్నది. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును, ఈ భవనమున తెలంగాణ హైకోర్టును వేర్వేరుగా పనిచేయ మొదలిడినవి. రాజేంద్రనగర్ ప్రాంతమున తెలంగాణ హైకోర్టు నూతన భవనమునకు 2024లో శంకుస్థాపన జరిగినది.

నాంపల్లి నుండి ఆ భవనమునకు దూరము కొద్ది మైళ్లు కూడ లేదు. కాని కేసు ఆ కొద్ది దూరము పోవుసరికి దాని స్వరూపమే మారిపోవును. మనుష్యులు వెనుక నిలిచిపోవుదురు; కాగితములు మాత్రమే ముందుకు పోవును. సాక్షి రాడు, వైద్యుడు రాడు, దర్యాప్తు చేసిన పోలీసు అధికారి రాడు. వారు చెప్పిన మాటల వ్రాత పోవును. మొదటి ఫిర్యాదు, పంచనామాలు, వైద్యుని నివేదిక, గుర్తులు వేసిన పత్రములు, సాక్షుల వాఙ్మూలములు, ముద్దాయిని ప్రశ్నింపగా అతడిచ్చిన జవాబులు, కట్టకడపట తీర్పు — ఇవి యన్నియు ఒక కట్టగా చేరును.

మన ఊళ్లలో “హైకోర్టుదాకా పోతా” అను మాటను బెదిరింపుగా వాడుదురు. అచ్చటికి పోయి కథయంతయు మొదటినుండి మరల చెప్పుకొనవచ్చునని పలువురు తలచుచున్నారు. అది పొరపాటు. అప్పీలు రెండవ విచారణ కాదు. జరిగిన విచారణ సక్రమముగా జరిగినదా, ఆ సాక్ష్యమునుండి ఆ తీర్పు రాదగినదా అని చూచుట అప్పీలు. క్రొత్త సాక్ష్యము తీసికొను అధికారము అప్పీలు కోర్టుకు లేకపోలేదు. కాని దానిని బహు అరుదుగా వాడుదురు. క్రింది న్యాయమూర్తి సాక్షి ముఖమును చూచినాడు, తాము చూడలేదు అను సంగతిని పై న్యాయమూర్తులు మరువరు. క్రింది కోర్టు ముద్దాయిని నిర్దోషిగా విడిచిపెట్టిన కేసులలో మరింత జాగ్రత్త వహింతురు. చట్టము మొదటనే అతనిని నిర్దోషిగా భావించినది; తీర్పు ఆ భావమును బలపరచినది; దానిని త్రోసివేయుటకు గట్టి కారణము కావలయును.

ఇక అప్పీలు న్యాయవాది చేయు పని వినుడు. అబిడ్స్ వీధులలో పగలు బట్టల దుకాణములు, చెప్పుల దుకాణములు కనబడును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో నుండిన ఆల్బర్ట్ అబిద్ నడిపిన దుకాణమును బట్టి ఆ ప్రాంతమునకు ఆ పేరు వచ్చినది. ఆ దుకాణముల మీది అంతస్తులలో, సందులలో న్యాయవాదుల గదులు కలవు. రాత్రి అంగళ్లు మూసిన తరువాత ఆ గదులలో అసలు పని మొదలగును. కట్ట విప్పి మొదటి పుటనుండి చదువవలయును. మొదటిసారి చదువునప్పుడు తీర్పును ప్రక్కన పెట్టుట మంచిదని మా పెద్దలు చెప్పెడివారు. తీర్పు ముందుగా చదివినచో ఆ న్యాయమూర్తి కన్నులతోనే సాక్ష్యమును చూచుట అలవాటగును. సాక్ష్యము ముందు చదివి, మన మనసుకు తోచినది వ్రాసికొని, పిదప తీర్పు తెరువవలయును. రెండింటికిని ఎక్కడ తేడా వచ్చినదో అక్కడ అప్పీలు పుట్టును.

ఒక ఉదాహరణము ఊహింపుడు. రాత్రి జరిగిన హత్య. సాక్షి “వీధిదీపపు వెలుగున ముద్దాయిని గుర్తుపట్టితిని” అని కోర్టులో చెప్పినాడు. న్యాయవాది సాక్ష్యము చదివి, దర్యాప్తు అధికారి గీసిన స్థలపు పటము తీసి చూచును. అందులో ఇండ్లు కలవు, వేపచెట్టు కలదు, కాలువ కలదు, దీపస్తంభము లేదు. పంచనామా చూచును, అందును లేదు. క్రొత్తగా వృత్తిలోనికి వచ్చినవాడైనచో “గెలిచితిమి” అని లేచి నిలుచును. అనుభవము కలవాడు అప్పుడే కూర్చుండి, “దర్యాప్తు అధికారిని ఈ విషయము అడిగినారా?” అని వెదకును. స్తంభము అక్కడ ఉండియు పటములో గుర్తింపక మరచియుండవచ్చును గదా! నాంపల్లిలో అడ్డుప్రశ్నలు వేసిన న్యాయవాది, “అచ్చట దీపము లేదని నేననుచున్నాను” అని ఆ అధికారిని అడిగియుండవలయును. అధికారి తడబడిన ఆ తడబాటు కాగితమున కెక్కియుండవలయును. అట్లే సాక్షి మొదట పోలీసులకు దీపము మాట చెప్పకయుండినచో, ఆ లోపమును సాక్షికి చూపి అడిగి, దర్యాప్తు అధికారిచేత రుజువు చేయించి యుండవలయును. అది జరుగకున్నచో పోలీసులు వ్రాసికొన్న ఆ మొదటి మాటను అప్పీలులో నేరుగా వాడికొన వీలులేదు. నాంపల్లిలో అడుగని ప్రశ్నను మూసీ ఒడ్డున అడుగుటకు రాదు.

అబిడ్స్‌లో ఆదివారము నాడు దుకాణములు మూసియుండగా కాలిబాటపై పాత పుస్తకములు పరచి అమ్ముట మీలో చాలమంది చూచియుందురు. అచ్చట ఒక ఆదివారము సాక్ష్య చట్టముపై పాత వ్యాఖ్యాన గ్రంథమొకటి చవుకగా కొంటిని. దాని అంచులలో పూర్వమెవరో వకీలు పెన్సిలుతో ఉర్దూలో చిన్న చిన్న వ్రాతలు వ్రాసియున్నాడు. అడ్డుప్రశ్నల ప్రకరణమున మూడు నాలుగు చోట్ల ఒకటే మాట: “ఇది అడిగినారా?” ఆయన పేరు నాకు తెలియదు. కాని ఇప్పటికిని ఏ కట్ట విప్పినను ఆ మాటయే నాకు ముందు జ్ఞప్తికి వచ్చును.

చదువు ముగిసిన పిదప అప్పీలు కారణములు వ్రాయుట. ఇరువది కారణములు వ్రాయుట సులభము. మూడు వ్రాయుట కష్టము. బలహీనమైన వాదములు పది చేర్చినచో బలమైనది వాటి క్రింద అణగిపోవును. జైలులోనున్నవానికి శిక్ష అమలు నిలిపి జామీను ఇమ్మని వేరుగా దరఖాస్తు పెట్టవలయును. అప్పీలు విచారణకు వచ్చుటకు సంవత్సరములు పట్టవచ్చును గనుక ఆ దరఖాస్తు చిన్నది కాదు.

తుదకు వాదన. సినిమాలలో చూపు విధముగా బల్ల గుద్ది మాటలాడుట అక్కడ చెల్లదు. న్యాయమూర్తులును కట్ట చదివి వచ్చియుందురు. వారు నడుమ అడ్డుపడి ప్రశ్న వేసినచో దానికే జవాబు చెప్పవలయును గాని, “ఆ విషయమునకు తరువాత వచ్చెదను” అనుట మంచి పద్ధతి కాదు. మనకు ప్రతికూలమైన పూర్వపు తీర్పు ఉన్నచో దానిని దాచరాదు. చూపి, మన కేసు దానికంటె ఎట్లు వేరో చెప్పవలయును. ఒకమారు దాచినట్లు తెలిసినచో ఆ న్యాయవాది మాట తరువాత ఎన్ని సంవత్సరములు పలికినను తూకము తగ్గిపోవును. సెషన్సు కోర్టు మరణశిక్ష విధించినచో, ముద్దాయి అప్పీలు చేసినను చేయకున్నను, హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకు తక్కువ కాకుండ కూర్చుండి దానిని ధ్రువపరచిన గాని అది అమలు కారాదు. ఆ దినమున ఆ కట్ట ఎంత బరువో మోసినవానికే తెలియును.

ఈ చదువు విలువను తెలుపు వాస్తవ గాథ ఒకటి మన తెలంగాణమునందే జరిగినది. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య తరువాత హైదరాబాదు సంస్థానము మిలిటరీ గవర్నరు పాలనలో నుండెను. తెలంగాణ రైతాంగ పోరాట సందర్భమున హత్యానేరములు మోపబడినవారిని విచారించుటకు ప్రత్యేక ట్రిబ్యునళ్లను నెలకొల్పిరి. 1949 ఆగస్టులో ఆ ట్రిబ్యునళ్లు పలువురికి మరణశిక్ష విధించినవి. 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వారి అప్పీళ్లను కొట్టివేసినది. ఆ పోరాటపు మంచిచెడ్డలు నేటి నా విషయము కాదు. ఆ కేసులు పై కోర్టులో ఏమైనవో మాత్రమే చెప్పెదను.

1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. సుప్రీంకోర్టు ఏర్పడినది. మరణశిక్ష పడినవారు ఆ కోర్టు నాశ్రయించిరి. వారి పక్షమున వాదించుటకు ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ బారిస్టరు వచ్చెను. కాని హైకోర్టు తీర్పులు రాజ్యాంగమునకు ముందు ఇచ్చినవి గనుక వాటిపై అప్పీలు వినుటకు తనకు అధికారము లేదని 1950 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ తీర్పులకును రాజ్యాంగమునకును నడుమ ఎడము ఇంచుమించు ఆరు వారములు మాత్రమే! ఆరు వారముల తేడాలో ఒక తలుపు మూసికొనిపోయినది.

అప్పుడు వారు మరియొక త్రోవ పట్టిరి. విచారణ సక్రమముగా జరుగలేదనియు, తమ పక్షమున న్యాయవాది లేకుండగనే విచారించి శిక్షించిరనియు చెప్పి, ప్రాథమిక హక్కుల క్రింద సుప్రీంకోర్టుకు దరఖాస్తులు పెట్టుకొనిరి. జనార్దనరెడ్డి కేసని పేరుగాంచిన ఆ వ్యవహారమున 1951 మార్చి 16న తీర్పు వచ్చినది. మరణశిక్ష పడదగిన కేసులో ముద్దాయికి న్యాయవాది నిచ్చుట సముచితమే. కాని న్యాయవాది లేకపోయినంత మాత్రమున విచారణ దానంతటది చెల్లనిది కాదు. అట్టి లోపమును సరిదిద్దవలసిన చోటు అప్పీలు. అధికారము గల కోర్టు తీర్పు అంతిమమైన పిదప హెబియస్ కార్పస్ దరఖాస్తుతో దానిని మరల తెరువ వీలులేదు — ఇది ఆ తీర్పు సారము. దరఖాస్తులు కొట్టివేయబడినవి.

ఇందులోని పాఠము చూడుడు. సముద్రములు దాటి ఎంత గొప్ప న్యాయవాది వచ్చినను, క్రింద వ్రాయబడనిదానిని ఆయన పైన చదివి వినిపింపజాలడు. అడ్డుప్రశ్నలు వేయువాడే లేని విచారణలో సాక్ష్యము ఎట్లుండును? ఒక చేత్తో కొట్టిన చప్పట్ల వలె నుండును. ఆ కట్టను ఎన్నిమారులు త్రిప్పినను “ఇది అడిగినారా?” అను ప్రశ్నకు జవాబు “లేదు” అనియే వచ్చును. తుదకు వారి ప్రాణములు దక్కినవి. ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మార్చబడినవి. దేశమునందును విదేశములందును జరిగిన ఆందోళన అందుకు తోడ్పడినది. కాని అది దయచేత వచ్చిన రక్షణయే గాని అప్పీలుచేత వచ్చినది కాదు. దయ అడిగి పుచ్చుకొనునది; అప్పీలు హక్కుగా పొందునది. ఆ భేదము గొప్పది.

తరువాతి కాలమున చట్టము ముందుకు నడచినది. 1976లో రాజ్యాంగమున చేర్చిన 39-ఎ అధికరణము పేదవారికి ఉచిత న్యాయసహాయము కల్పించుట ప్రభుత్వపు బాధ్యత యన్నది. 1978లో హోస్కట్ కేసున, శిక్షపడి జైలులోనున్నవానికి తీర్పు నకలు ఉచితముగా అందవలయుననియు, అప్పీలు చేసికొనుటకు స్తోమత లేనివానికి న్యాయవాది నియ్యవలయుననియు సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. 2012లో ముంబయి దాడుల ముద్దాయి కసబ్ కేసున, విచారణకాలమున న్యాయవాది లేనివానికి, అతడు తనంతట వలదన్న తప్ప, న్యాయవాది నియ్యకపోయినచో ఆ విచారణయు శిక్షయు చెల్లకపోవునని చెప్పినది. 1951లో మూసియున్న తలుపు తెరచుకొనుటకు దశాబ్దములు పట్టినవి. అట్లు తెరచినవారిలో అప్పీలు న్యాయవాదులు కలరు. కట్టలు చదివి, పాత తీర్పులు వెదకి, ఓడిపోయిన వాదమునే మరల మరల వినిపించినవారు కలరు.

ఇప్పుడు మీకు పనికివచ్చు సంగతులు కొన్ని చెప్పెదను. మన ఊరి తగవులలో భూమి తగవులే ఎక్కువ. సివిలు కేసులలోను సూత్రమొక్కటే. పహాణీ, దస్తావేజు, పన్ను రసీదు, పంపకపు కాగితము — ఏది ఉన్నను మొదటి కోర్టులోనే దాఖలు చేసి రుజువు చేయింపుడు. “పై కోర్టులో చూపుదములే” అని పెట్టెలో దాచినది చాలవరకు పెట్టెలోనే ఉండిపోవును. మొదటి అప్పీలులో సాక్ష్యమును, చట్టమును రెండింటిని చూతురు. హైకోర్టులో రెండవ అప్పీలునకు పోయినచో, 1976 సవరణ తరువాత, ముఖ్యమైన చట్ట ప్రశ్న యున్నగాని వినరు. పొలము గట్టు ఎక్కడున్నదో అచ్చట మరల తేల్చరు. ఇక సుప్రీంకోర్టుకు ప్రత్యేక అనుమతి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. కాని అనుమతి యిచ్చుట ఆ కోర్టు ఇష్టము, మన హక్కు కాదు.

గడువులు గుర్తుంచుకొనుడు. క్రిమినల్ కేసులలో మరణశిక్షపై అప్పీలు హైకోర్టుకు 30 దినములు. ఇతర శిక్షలపై హైకోర్టుకు 60 దినములు, మిగిలిన కోర్టులకు 30 దినములు. సివిలు తీర్పులపై హైకోర్టుకు 90 దినములు, మిగిలిన కోర్టులకు 30 దినములు. నకలు కొరకు దరఖాస్తు పెట్టి అది చేతికి వచ్చువరకు పట్టిన కాలమును ఈ లెక్కనుండి తీసివేయుదురు. అందుచేత తీర్పు వచ్చిన వెంటనే నకలునకు దరఖాస్తు పెట్టుడు. గడువు దాటినను తగిన కారణము చూపినచో కోర్టు మన్నింపవచ్చును. మన్నింపకపోవచ్చును కూడ.

డబ్బు లేదని అప్పీలు మానుకొనవలదు. 1987 నాటి న్యాయసేవా అధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులో నున్నది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వికలాంగులు, జైలులోనున్నవారు — వీరికి ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయవాదిని ఇచ్చెదరు. తక్కిన పేదలకు ఆదాయపు పరిమితిని బట్టి ఇచ్చెదరు. జిల్లా కోర్టులోను, హైకోర్టులోను ఇందుకు కార్యాలయములు కలవు. 15100 అను నంబరుకు ఫోను చేసియు అడుగవచ్చును.

ఇక ఆ తల్లి సంగతి. ఆలస్యమునకు కారణము ఉన్నదున్నట్లే వ్రాసితిమి: చదువురాని తల్లి, తెలియని భాష, రసీదని భ్రమించినది. కోర్టు ఆలస్యమును మన్నించినది. కొంతకాలమునకు శిక్ష అమలు నిలిపి జామీనిచ్చినది. అప్పీలు విచారణకు వచ్చిననాడు నేర తీవ్రతను తగ్గించి, అతడు అంతవరకు అనుభవించిన శిక్షయే చాలునన్నది. తల్లి సంతోషించినది. నేను మాత్రము పూర్తిగా సంతోషింపలేకపోతిని. సకాలమున అప్పీలు వేసియుండినచో ఆ జామీను కొన్ని నెలల ముందే వచ్చియుండెడిదేమో. బియ్యపు డబ్బాలో కాగితము ఉన్నంతకాలము అతడు జైలులో ఉన్నాడు. ఆ నెలలను ఏ కోర్టును తిరిగి ఇయ్యజాలదు. ఆమె యింటికి నాలుగిండ్ల అవతల చదువుకొన్న పిల్లలు ఉండియుందురు. వారిచేత చదివించుకొనవలెనని ఆమెకు తోచలేదు, “ఏమమ్మా, ఆ కాగితమేమిటి?” అని అడిగినవారును లేరు.

హైదరాబాదులో మూసీ నదికి ఆవలి ఒడ్డున హైకోర్టు ఉన్నట్లే, ఈవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో 1891లో స్థాపింపబడిన ఆసఫియా గ్రంథాలయము, నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము, కలదు. సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. అది 1901లో వెలసినది. తెలంగాణమున గ్రంథాలయములకొరకు పాటుపడినవారిలో మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు వంటి వకీళ్లు ఉండుట కాకతాళీయము కాదని నా అభిప్రాయము. కక్షిదారుడు తన కాగితమును తాను చదువుకొనలేని చోట ఎంత గొప్ప చట్టమున్నను చీకటియేనని వారు కోర్టులలో ప్రతిదినము చూచినవారు.

కనుక ఈ రజతోత్సవ సమయమున కార్యవర్గమువారికి ఒక చిన్న మనవి. అప్పీలు గడువుల పట్టికయు, న్యాయసహాయపు నంబరును పెద్ద అక్షరములతో వ్రాయించి ఈ గ్రంథాలయపు గోడపై అంటింపుడు. వారమున కొకదినము సాయంకాలము, ఊరిలో ఎవరికి కోర్టునుండి గాని, కచేరీనుండి గాని కాగితము వచ్చినను ఇచ్చటికి తెచ్చి చదివించుకొనవచ్చునని చాటింపుడు. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక అప్పీలులో తెలుగున తీర్పు వెలువరించినది; సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులోనికి అనువదింపబడుచున్నవి. కాని తీర్పులన్నియు మన భాషలో వచ్చుదాక ఆంగ్లము వచ్చిన పిల్లలు చదివి అర్థము చెప్పవలయును. సలహా చెప్పుట వారి పని కాదు. అది న్యాయవాది పని. కాగితములో ఏమున్నదో, ఏ తేదీ వేసియున్నదో చెప్పిన చాలును.

నేను మూసీ ఒడ్డున చేయు చదువు అంతయు ఆలస్యపు చదువు; జరిగిపోయినదానిని చదువుట. మీరు ఇచ్చట చేయదగినది సకాలపు చదువు. రెండవది మొదటిదానికంటె గొప్పదని ముప్పది సంవత్సరముల వృత్తి నాకు నేర్పినది. ఇక మీదట ఈ ఊరిలో ఏ తల్లియు తీర్పును రసీదని దాచుకొనకుండ ఈ గ్రంథాలయము చూడగలదని నమ్ముచున్నాను.